ప్రభువు పేరు పెట్టి అన్న మాట

"పోయినేడు మార్చి తొమ్మిది, బాబాయ్. మంచం పట్టిన పిన్నికి పాలలో నానిన రొట్టె తినిపించాను. ఆ సాయంత్రమే ఇక్కడ నిలబడి, 'ఆమె లేచి నడుస్తుందని ప్రభువు చెప్తున్నాడు' అన్నాను. మూడో రోజుకే పోయింది."

మందిరంలో ప్రార్థన ముగిసి అందరూ వెళ్లిపోయారు. బాబాయి కుర్చీలు ఒకదానిపై ఒకటి పేరుస్తున్నాడు. ఏడాదిగా ప్రార్థనలో పెదవి విప్పని పిల్ల, ఇవాళ మాట్లాడాలని తనంతట తానే ఉండిపోయింది.

"అది ప్రభువు మాట కాదు తల్లీ, నీ ఆశ. మీ పిన్నికి ఆ రోజే తెలుసు."

"ఏమంది?"

"'పిచ్చిపిల్ల, నన్ను వదల్లేక అలా అంది. ఏమీ అనకండి' అంది. నేనూ అనలేదు. అదే నా తప్పు. అలాంటి మాటను తూచి చూడటం సంఘం పని. బరువంతా నీ ఒక్కదాని మీద వేశాం."

"ప్రభువు మాట పలికే ఆ వరం ఇక నాకొద్దు. నోరు కుట్టేసుకుంటా."

"దర్జీవి, అన్నంత పనీ చేస్తావు. మరి నలభై రోజులు మీ పిన్ని తల దువ్వింది ఎవరు? అదీ వరమే."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఆదివారం లేచి, 'పొరబడ్డాను' అను. ఎదురుగా నేనుంటా."

"నవ్వరూ?"

"నవ్వనీ. పొరపాటు ఒప్పుకున్న మనిషి మాటనే రేపు నమ్ముతారు."

ఆమె కూడా ఒక కుర్చీ అందుకుని పేర్చింది.

"మళ్లీ ఏదైనా మనసులో వినబడితే?"

"ముందు నాతో చెప్పు. ఇద్దరం కలిసి తూచుదాం."

"సరే. ఆదివారం ముందు వరసలో కూర్చో బాబాయ్."

ఆమె మెట్లు దిగేదాకా చూసి, బాబాయి దీపం ఆర్పి, మందిరం తలుపు మెల్లగా మూశాడు.