లాభం తరవాత రెండు

కాదప్పా గగన్, ముందు ఆ లాప్‌టాప్ మూసి పక్కన పెట్టు. వచ్చే ఆదివారం నుంచి ఆట ఫోన్లో అని చెప్పేదానికి ఇంత దూరం నడిచి రావాల్నా? అదీ ఫోన్లోనే చెప్పిండొచ్చు కదా. కూకో. ఆ ఉలవల మూట మీద కూకో. ఈ దినం నీకు కుర్చీ ఇయ్యను.

నా కొడుకు లోకేశ్ మిల్లుకి పోయినాడు. వాడొచ్చేలోగా నేను అనేది అనేస్తాను. వాడి ముందర నాకు నోరు రాదు.

ఏమంటివి? బెంగళూర్లో రూము చూసుకున్నావా? చూసుకో, నేనేం వద్దంటినా? మారికుప్పం రైల్లో రోజూ నిలబడి పోయి వచ్చి నీ కాళ్ళు పడిపోయినాయి, నిజమే. ఆదివారం రైలు లేదా? మీ నాయన గుడ్డలంగడి మా పక్కనే ఉండాది. ఆయన మొగం చూసేదానికైనా వస్తావు కదా, ఆ కాళ్ళతోనే రొంత ఇట్లా రా.

గోదాము నాదప్పా. రెండేండ్లుగా ప్రతి ఆదివారం మధ్యాన్నం నువ్వు, మీ చెల్లెలు వర్ష, మా లోకేశ్, ముగ్గురూ నా మూటల మధ్యలో కూకొని అరస్తా ఉండారు. నేను ఎంత తిట్టినాను మిమ్మల్ని? గడ్డాలొచ్చినోళ్ళు సుమ్నే, పనీ పాటా లేకుండా, కథలు చెప్పుకుంటారని బజారంతా చెప్పినాను. నువ్వు కథ చెప్పేది, మిగిలినోళ్ళు నేను కావలివాణ్ణి, నేను వైద్యురాల్ని అని వేషం కట్టకుండానే వేషమేసేది. ఇరవై మొగాల పాచిక దొర్లించేది. ఎక్కువ పడితే బతికినట్ల, ఒకటి పడితే చచ్చినట్ల. పనికిరాని ఆట. ఇప్పుడూ అదే అంటాను.

నవ్వద్దు. నన్ను దాంట్లోకి లాగింది మీ చెల్లెలే కదా. 'మామా, దొంగ వేషం ఖాళీగా ఉండాది, ఒక్క వారం కూకోండి' అనె. నేను దొంగనా? ఈ బజార్లో శ్రీకంఠయ్య కొలత అంటే మారు మాటాడేవాడు లేడు. సరే, దొంగకి పేరు పెట్టమంటే ఎదురంగడి చిన్నవెంకటప్ప పేరు పెట్టినాను. ఆ ఆటలో నాకు నచ్చింది అదొక్కటే అనుకుంటి.

పాచిక మూటల సందుల్లో పడి పోతా ఉంటే చాట ఇచ్చింది ఎవురు? నేనే. పాడుబడిన గనిలో దిగేదానికి రాతి మెట్లుంటాయని నువ్వు చెప్తే, యాడ చూసినావురా, షాఫ్టులో ఇనప బోను, కేజు కదా దిగేది అని సరి చేసింది ఎవురు? మా మామ ముప్పై ఏండ్లు ఆ కేజులో దిగినోడు. ఫోన్లో నేను అట్లా అడ్డం పడితే నువ్వు వింటావా?

లోకేశ్ సంగతి చెప్తాను, విను. వాడు నాతో మాటాడి పదకొండేండ్లయింది. కాదు, మాటాడతాడు. 'బస్తా దించినారు.' 'షట్టర్ వేసేదా?' అంతే. అన్నం పెట్టేటప్పుడు కూడా గిన్నె నా దిక్కు తోస్తాడు, నోరు తెరవడు. మీరు రోజూ చూసేదే కదా, మీకు తెలీదా?

నేను దొంగ వేషంలో కూకున్న మొదటి ఆదివారం, వాడు కావలివాడు. తాడు చుట్ట చేతిలో ఉన్నట్ల పట్టుకొని, నా కండ్లల్లో చూసి అడిగినాడు. 'ఏంరా దొంగా, ఏమన్నా తిన్నావా?' అని. నేను లేదని తలాడిచ్చినాను. నువ్వేమో నేను పాత్రలో మునిగిపోయినానని మెచ్చుకుంటివి.

ఇంగ నువ్వు చూపిచ్చినావే, ఆ తెరలో మొగాలు. లోకేశ్ మొగం బెల్లం ముక్కంత ఉండాది. దాని కింద మూగ చేసే బొత్తాం. వాడికి అది ఇచ్చేదానికి నువ్వెవురప్పా? పదకొండేండ్లుగా వాడు దాన్ని నొక్కుకొనే ఉండాడు.

ఎందుకు మాటాడడు అని ఇంతవరకూ ఎవురూ అడగలేదు. నేనే చెప్తాను.

అన్నిటికీ కాటా వచ్చినా, విత్తనాలకి మటుకు మా అంగట్లో సేరు కొలతే. కొలిచేటప్పుడు ఒకటి అనం. మొదటి సేరుకి లాభం అంటాం. ఆమేన రెండు, మూడు. పదకొండేండ్ల కింద సుగటూరు రైతు సీనప్ప విత్తనం ఉలవలకొచ్చినాడు, ఇరవై సేర్లు. నేను సేరు ముంచి, లాభం అన్నాను. ఫోన్ మోగె. 'రెండు నుంచి ఎత్తుకోరా' అని లోకేశ్‌కి చెప్పి బయటికి పోయినాను. మర్నాడు సీనప్ప మూట భుజాన వేసుకొని వచ్చె. ఒక సేరు తక్కువ అని నడి బజార్లో నిలబడి చెప్పె.

వాణ్ణి కొట్టినాను. అందరి ముందరా. ఇరవై రెండేండ్ల పిల్లోణ్ణి, చెంప మీద. శ్రీకంఠయ్య కొడుకు కొలతలో దొంగ అని నా నోటితోనే అన్నాను.

ఆ పొద్దు అంగడి మూసేటప్పుడు జ్ఞాపకమొచ్చె. సేరు ముంచినాను, లాభం అన్నాను, కానీ మూటలో పోయలేదు. ఫోన్ మోగితే నిండు సేరు అట్లనే రాశి మీద పెట్టి పోయినాను. వాడు దాన్ని రెండు అని పోసినాడు. నేను చెప్పినట్లే చేసినాడు. తప్పు నాది.

చెప్పలేదు. ఆ దినం చెప్పలేదు, మర్నాడు సిగ్గేసె, ఆమేన ఏండ్లయిపోయె. వాడు ఇప్పటికీ తనే లెక్క తప్పినానని అనుకుంటా ఉండాడేమో, నాకు తెలీదు. తల వంచుకోవద్దప్పా, నా దిక్కు చూడు.

పోయిన ఆదివారం ఆటలో నేను షాఫ్టులో తాడు పట్టుకొని ఏలాడతా ఉంటి. కావలివాడు పైకి లాగాల. లోకేశ్ పాచిక దొర్లిచ్చినాడు, అది చాట అంచుకి పోయి నిలిచె. టక్కున దాని మీద చెయ్యి పెట్టి 'పద్దెనిమిది' అనె. చెయ్యి కింద ఉండేది ఒకటి. నేను చూసినాను. నలభై ఏండ్లు కొలతలు చూసిన కండ్లు ఇవి. నువ్వూ చూసినావు. చూసి, పుస్తకం పేజీ తిప్పుకుంటా ఉంటివి. నీ ఫోన్ అయితే ఆ ఒకటిని అందరికీ చూపిచ్చి నన్ను చంపేసిండును.

పిడికెడు తేడా వస్తే ఊరుకోనోణ్ణి నేను. ఏం చేసినాను తెలుసునా? వాడికి మటుకు వినపడేటట్ల, 'లాభం' అన్నాను.

వాడు చాట మీద నుంచి చెయ్యి తీయలేదు. 'రెండు' అనె.

ఇంగ మూడు నేను చెప్పాల. ఆ సేరు నేను పోయలేదురా అని చెప్పేది. నా నోటితో రాదు, దొంగ నోటితో అయితే వస్తాది. వారమంతా ఆ మాటలు కూడగట్టుకుంటా ఉంటే నువ్వు ఈ డబ్బా మోసుకొని వచ్చినావు.

అదిగో వాడి బండి సద్దు. లేవద్దు. షట్టర్ సగం దించు, ఆదివారం కాకపోతే ఏమాయ? చాట ఆడ గోడకుండాది, తీసుకో. షాఫ్టు నుంచి బయటికొచ్చి కావలివాడి పక్కన కూకున్నాను, ఆడ నుంచి ఎత్తుకో కథని. ఆమేన మీరు ఫోన్లో ఆడతారో గాల్లో ఆడతారో, నాకేం పట్టదు.