ఉప్పు కాఫీ

టర్కీ సరిహద్దు ఊరు కార్స్‌లో మంచు కురుస్తోంది. ఇల్లు వెచ్చబెట్టడానికి గోడలో కట్టిన పొయ్యికి వీపు ఆనించి అమ్మమ్మ కూర్చుంది. ఎదురుగా మనవరాలు కాఫీ కప్పులు తుడుస్తోంది.

"సాయంత్రం ఆ గ్లెబ్ వాళ్లు నిన్ను పెళ్లికి అడగడానికొస్తే నేను గదిలోంచి బయటికి రానే."

"నువ్వు ఊఁ అనకపోతే నాన్న ఒప్పుకోడు అమ్మమ్మా."

"రష్యావాడికి ఊఁ అంటానా? ఎలుగు తోలు చాప కాదు, రష్యావాడు చుట్టం కాడు. ఊరికే పుట్టలేదే ఆ మాట."

"మరి నువ్వు వీపు కాచుకుంటున్న పొయ్యి ఎవరు కట్టారట?"

"వాళ్లే. ఈ ఊరు ఆక్రమించి, మనల్ని తరిమేసి కట్టుకున్నారు. వాళ్ల ఫిరంగులకు జడిసి పారిపోతూ మా నాయనమ్మ చంటిబిడ్డను మంచులో పోగొట్టుకుంది. చచ్చేదాకా మంచు కురిసిన రోజు ఆవిడ కిటికీ దగ్గరికి పోలేదు."

"అప్పటికి గ్లెబ్ వాళ్ల తాత కూడా పుట్టలేదు."

"ఆ బిడ్డా పెరగలేదు."

"... పేరేంటి అమ్మమ్మా ఆ పాపది?"

"గుల్‌బహార్. మా ఇంట్లో మళ్లీ ఎవరికీ పెట్టలేదు ఆ పేరు."

"ఈ సంగతి సాయంత్రం నీ ఎదురుగానే గ్లెబ్‌కి చెప్తాను. తల దించుకుని వినకపోతే నేనే పంపించేస్తాను."

"మాట మీద ఉంటావా?"

"ఉంటాను. వింటే మాత్రం, మాకు పుట్టే కూతురికి ఆ పేరే."

అమ్మమ్మ మంచు కురుస్తున్న కిటికీ వైపు తిరిగింది.

"పెళ్లికొడుకు కాఫీలో ఉప్పు కలుపుతారు కదా, మొహం చిట్లించకుండా తాగుతాడో లేదో చూడ్డానికి. ఆ ఉప్పు డబ్బా ఇటు తే."

"అంటే, బయటికొస్తావా?"

"వస్తా. ఉప్పు మాత్రం నేనే వేస్తా. చెంచాతో కాదు, పిడికిలితో."