త్రినాథ్ మొలిపించిన మెనూ

త్రినాథ్ నోరు తెరిచాడంటే బొడ్డమ్మ టీ బడ్డీ దగ్గర గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. చేతిలో పని కొంచెం, నోట్లో పని బోలెడు.

ఆ సోమవారం కరుణమ్మ అతని కోతలు వినడానికి రాలేదు. ఎదురుగా ఉన్న జీడి ఫ్యాక్టరీలో తనతో పాటు పొట్టు తీసే ఆడవాళ్లకి టీ పట్టుకెళ్లాలని కేటిల్‌తో వచ్చింది. మనసు మనసులో లేదు. అదే ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటరు చూసే ఆమె కూతురు వనజని షావుకారు తిరుమలరావు పొద్దున్నే షెడ్డులో అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. మిషన్ తెరిస్తే మెనూలో తూకాల పేరూ హాజరు పేరూ మాయమట, వాటి చోట పేకాటా పాములాటా ఉన్నాయట. "ఆటలాడుకోడానికా కుర్చీ ఇచ్చాను? రేపట్నించి మీ అమ్మ పక్కన కూచుని పొట్టు తీసుకో" అన్నాడు. ఇంటిల్లిపాదిలోనూ టెన్త్ దాటింది ఆ పిల్ల ఒక్కతే. ఆ మాట కరుణమ్మకి గుండెలో గుచ్చుకుంది.

ఆ షావుకారే ఇప్పుడు వెనక బల్ల మీద పేపరు అడ్డం పెట్టుకుని టీ తాగుతున్నాడు. త్రినాథ్ చూసుకోలేదు.

"దాలయ్య మావా, కంప్యూటర్లలో లైనక్సని ఒక రకం ఉంటాది. దాన్లో సామానంతా ఉంటాది గానీ, ఏది ఎక్కడున్నాదో మెనూలో కనపడదు. నానేటి సేసినాను? నల్ల తెర తీసినాను, ఒక్క లైను కమాండు కొట్టినాను. మిషనంతా అదే గాలించీసి, ఉన్న ప్రోగ్రాములన్నీ ఏరీసి, వరసగా మెనూ కట్టీసింది!"

"ఒక్క లైనుకేనా?" అన్నాడు కొబ్బరికాయల దాలయ్య.

ఇంతవరకూ నిజమే అయ్యుండొచ్చు. కానీ వినేవాడు నోరు తెరిచాక త్రినాథ్ ఆగుతాడా?

"ఒక్క లైనే! ఆ తర్వాత ఏటైందో తెల్సా? మెనూ ఆగదే! పది పేర్లు, వంద పేర్లు, తెర సాలక కిందకి దిగిపోతన్నాది. పక్కన ఇంకో తెర ఎట్టినాను, అదీ నిండిపోనాది. మిషన్లో సామాను అయిపోనాదో ఏటో, పలాస టేసను మీద పడ్డాది. రైళ్ల పేర్లన్నీ వచ్చీసినాయి! ఒక బండి మీద నొక్కినాను సూడు, పూండిలో ఆగని బండి పూండిలో ఆగిపోనాది!"

"ఓలమ్మో!" బొడ్డమ్మ చేతిలో పాలగిన్నె ఒలికింది.

"అక్కడితో అయిపోనాదేటి? బారువ పడవలన్నీ మెనూలోకెక్కినాయి, ఏ వలలో ఏ సేప పడ్డాదో సహా! మెనూ అడుక్కెల్లి సూత్తును గదా, తుపాను! తిన్నగా ఉద్దానం మీదికే వత్తన్నాది. తోటలన్నీ కళ్లల్లో మెదిలినాయి. ఊపిరి బిగబట్టి 'మూసెయ్యి' అని ఉన్నకాడ నొక్కినాను. తుపాను వెనక్కి తిరిగి సముద్రంలోకి ఎలిపోనాది!"

కరుణమ్మ నోరు వెళ్లబెట్టేసింది. మిషన్లో పేర్లు మాయమవడమే వింత అనుకుంటే, ఇక్కడ పేరు నొక్కితే తుపాన్లే తిరిగిపోతున్నాయి. ఈ మహానుభావుడి కాళ్లు పట్టుకుంటే కూతురి కుర్చీ నిలబడుతుందేమోనని ఒక అడుగు ముందుకేసింది కూడా.

"కొయ్యి బావూ, కొయ్యి. సాచ్చికమేటి?" అన్నాడు దాలయ్య.

త్రినాథ్‌కి రోషం వచ్చేసింది. "సాచ్చికమా? ఎక్కడో కాదు, ఎదురుగా ఈ జీడి ఫ్యాక్టరీలోనే! నిన్న ఆదివారం పొద్దున్న ఆఫీసు కాళీ. కాపలా అప్పన్న తలుపు తీసి, నీ పనితనం సూపించమన్నాడు. దాగున్న ఆటలన్నీ నానే బయటికి లాగినాను. ఎల్లి సూడండి, పేకాట పైనే ఉంటాది!"

కేటిల్ కరుణమ్మ చేతిలోంచి జారి దభీమని పడింది. నిన్న పొద్దున్న వనజ బాప్టిస్టు చర్చిలో తన పక్కనే నిలబడి పాటలు పాడుతోంది.

"మరి తూకాలేటైనాయి బాబూ?" అంది ఆమె. "నా కూతురు సొంతంగా ఎక్కించుకున్న తూకాలు, హాజరు?"

త్రినాథ్ నసిగాడు. "అవా... పాత మెనూ తుడిచీసి కొత్తది రాత్తాది గదా. దానికి తెలిసిన ప్రోగ్రాములే ఎడతాది. మనం సేత్తో ఎక్కించినవి దానికెలా తెలుత్తాయి?"

"సముద్రంలో తుపాను తెలిసినాది, వలలో సేప తెలిసినాది, ఆ మిషన్లోనే ఉన్న తూకం తెలీనేదా?" అంది కరుణమ్మ.

బడ్డీ మొత్తం ఘొల్లుమంది. వెనక బల్ల మీద పేపరు కిందకి దిగింది. షావుకారు ముఖం చూసేసరికి త్రినాథ్ గ్లాసు అక్కడే పెట్టేసి జారుకోబోయాడు.

తిరుమలరావు కరుణమ్మ వైపు సూటిగా చూడలేకపోయాడు. "పిల్లని తొందరపడి అనీసాను. వెళ్లి కుర్చీలో కూచోమని చెప్పమ్మా" అన్నాడు మెల్లగా.

కరుణమ్మ కదల్లేదు. ఇన్నేళ్లలో షావుకారికి ఎదురు చెప్పి ఎరగదు. తన నోట వస్తున్న మాటకి తనే అదిరిపోయింది.

"అందరి ముందూ తిట్టినారు బాబూ. అందరి ముందే సెప్పండి."

షావుకారు పేపరు మడిచాడు. తర్వాత లేచి, త్రినాథ్ రెక్క పుచ్చుకుని, పొట్టు తీసే షెడ్డు వైపు నడిచాడు.