ఆ చివరి లైను కొట్టేయనా మామయ్యా?

“ఆ చివరి లైను కొట్టేయనా, ఉంచనా? తేల్చి చెప్పు మామయ్యా,” అంది మేనకోడలు.

రేపు పొద్దున పదింటికి కన్సల్టింగ్ కంపెనీలో తనకి ఇంటర్వ్యూ. రెండేళ్లు పనిచేసి తర్వాత పీజీకి వెళ్తానని, రేపు అక్కడ ఇవ్వాల్సిన అప్లికేషన్ చివర్లో తనే రాసుకుంది, ఇప్పుడు తనకే భయం పట్టుకుంది. వెళ్లిపోయేదాన్ని ఎవరు తీసుకుంటారు? ఇది తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. జిరాక్స్ షాపు మామయ్య మిషన్ మూత దించి, స్టూలు ముందుకి లాక్కున్నాడు. పక్కనున్న టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపాడు. లోపల బల్ల దగ్గర కాలేజీ ఆన్సరు పేపర్లు దిద్దుతున్న అత్తయ్య మాత్రం తలెత్తలేదు.

“కొట్టేయడమా? పిచ్చిపిల్లా, కూర్చో ముందు. నీ వయసులో ఇదే కంపెనీకి నేనూ ఇంటర్వ్యూకి వెళ్లాను. గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పలు చెప్పుకోవడం నా ఒంట్లోనే లేదు, కావాలంటే టీ ఆయన్ని అడుగు.”

“నన్ను లాగకండి,” అన్నాడు టీ ఆయన.

“సరే, విను. లోపల నలుగురు కూర్చున్నారు, సూట్లూ బూట్లూ, ఏసీ చలికి నా చేతిలో ఫైలు వణుకుతోంది, నేను కాదు, ఫైలు. ‘ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?’ అన్నాడు కళ్లజోడాయన. ఇంకోడైతే నీళ్లు నమిలేవాడు. నేను కాలు మీద కాలేసుకుని, ‘మీ దగ్గర మాత్రం ఉండను సార్, రెండేళ్లు చేస్తా, తర్వాత పైచదువుకి పోతా, ఇష్టమైతే తీసుకోండి, లేదంటే నా బస్సుకి టైమవుతోంది’ అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“బయటికి పొమ్మన్నారా?”

“పొమ్మంటారా? నలుగురూ లేచి నిలబడ్డారు. ఒకాయన చప్పట్లు కొట్టబోతే పక్కాయన చెయ్యి పట్టుకుని, ‘ఆగండి, ఛైర్మన్ గారు కూడా వచ్చాక కొడదాం’ అన్నాడు. ఛైర్మన్ ఉండేది పన్నెండో అంతస్తులో. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్ల మీద పరిగెత్తుకొచ్చాడు, ఒక బూటు ఏడో అంతస్తులోనే ఉండిపోయింది. వచ్చి నా చెయ్యి పట్టుకుని, ‘ఇలా నిజం చెప్పేవాడి కోసం ఇరవయ్యేళ్లుగా చూస్తున్నానయ్యా’ అని ఇక వదలడే! ఆర్డరు మీద సంతకం ఎడం చేత్తో పెట్టాడు పాపం.”

“అంటే ఉద్యోగం వచ్చిందన్నమాట.”

“రావడమేంటి, వెంటపడింది. చేరిన మూడో రోజు ఓ బిస్కెట్ల ఫ్యాక్టరీ వాళ్లు సలహా కోసం వచ్చారు. మావాళ్లు ఏడుగురు నెలరోజులు కూర్చుని తొంభై పేజీల రిపోర్టు రాశారు, లాభం లేదు. నేను వెళ్లి, గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, ‘రెండో పొయ్యి ఆలస్యంగా వెలిగిస్తున్నారు’ అన్నాను. అంతే, ఆ ఫ్యాక్టరీ ఎంత బాగుపడిందంటే పక్కనున్న రెండు ఫ్యాక్టరీలు కూడా బాగుపడ్డాయి.”

“వాటికి సలహా ఎవరిచ్చారండీ?” అన్నాడు టీ ఆయన.

“గాలి అటు కొట్టింది. మధ్యలో ఆపకండి మరి. రెండేళ్లు నిండుతున్నాయనగా ఆఫీసంతా ఒకటే ఏడుపు, ఛైర్మన్ అన్నం మానేశాడు. నేను మాటంటే మాటే. చివరికి వాళ్లే దిగొచ్చి, ‘నువ్వు యూనివర్సిటీకి వెళ్లకు, యూనివర్సిటీనే ఇక్కడికి తెప్పిస్తాం’ అన్నారు. తెప్పించారు కూడా, లారీల్లో. తొమ్మిదో అంతస్తులో లైబ్రరీ, పదిలో హాస్టలు, పదకొండులో ప్రొఫెసర్లు. క్లాసులో ఉండేది నేనొక్కణ్ణే, అయినా రోజూ హాజరు పిలిచేవాళ్లు. చదువైపోగానే ఛైర్మన్ తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టాడు. అది తిరిగే కుర్చీ, నాకేమో కళ్లు తిరుగుతాయి. అందుకని వదిలేసి ఈ షాపు పెట్టుకున్నా.”

“ఆ బిల్డింగు నాలుగంతస్తులే కదండీ,” అన్నాడు టీ ఆయన.

“అప్పట్లో పన్నెండు. నేనొచ్చేశాక దిగులుతో తగ్గించుకున్నారు.”

మేనకోడలు నవ్వింది కానీ, నవ్వుతూనే పెన్ను మూత తీసింది. “ఇదంతా కోతే అయితే, నిజం చెప్తే ఉద్యోగం ఇస్తారన్నదీ కోతేగా మామయ్యా. కొట్టేస్తున్నా.”

“ఆగమ్మా,” అంది అత్తయ్య. ఎర్ర పెన్ను పక్కన పెట్టి బయటికొచ్చింది. “ఆ గది నిజమే, ఆ ప్రశ్నా నిజమే. జవాబు మాత్రం ఈయనది కాదు.”

“మరి ఎవరిది?”

“నాది. ఆ రోజు ఈయన తర్వాత పిలుపు నాదే. బయటికొస్తూనే, అడక్కుండానే నాకు సలహా ఇచ్చాడు. ‘చదువు మాట ఎత్తకండి, జుట్టు నెరిసేదాకా ఇక్కడే ఉంటానన్నాను, ముచ్చటపడిపోయారు’ అని. లోపల చూస్తే ఆ నలుగురూ రెండేళ్లు పనిచేసి, చదువుకెళ్లి, తిరిగొచ్చినవాళ్లే. అక్కడ పద్ధతే అది, వాళ్లే సిఫార్సు ఉత్తరాలు రాసి మరీ పంపిస్తారు. ‘మా సంగతే కనుక్కోకుండా వచ్చినవాడు రేపు ఎవరికి సలహా చెప్తాడు?’ అని ఈయన్ని వద్దనుకున్నారట, నేను చేరాక చెప్పి నవ్వారు. నేను భయపడుతూనే ఉన్నది ఉన్నట్టు చెప్పా, తీసుకున్నారు. నా దగ్గర చదివిన పిల్ల ఒకతి మొన్న అలాగే చెప్పి చేరింది. పాతికేళ్లుగా నా జవాబుని తనదని చెప్పుకుంటుంటే ఊరుకున్నాను, పోనీలే అని. నీ ఉద్యోగం మీదికొస్తే ఊరుకోను. ఆ లైను ఉంచు.”

మేనకోడలు పెన్నుకి మూత పెట్టి, కాగితం మామయ్య చేతిలో పెట్టింది. “రెండు కాపీలు.”

“అంత మంచి సలహా ఇచ్చిన మనిషిని ఎలా చేసుకున్నారండీ?” అన్నాడు టీ ఆయన.

“తనకి రాలేదని తెలిసినా, నా సంగతి తేలేదాకా మధ్యాహ్నమంతా గేటు దగ్గరే కూర్చున్నాడు. వచ్చిందని చెప్తే నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు.”

టీ ఆయన మామయ్య వైపు తిరిగాడు. “ఇన్నేళ్లలో ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదేంటండీ?”

మామయ్య తలొంచుకుని కాగితం మిషన్ మీద సర్దుతున్నాడు. “అది నిజంగా జరిగింది కదండీ,” అన్నాడు. “చెప్పుకోడానికి ఏముంది?”