ఈ తూరి చెయ్యెత్తను

ఆ పేపరు మడిచి జోబీలో పెట్టుకోరా యువరాజ్. మూడు తూర్లు చాపినావు నా ముందర. నాలుగో తూరి చాపితే చించి పొయ్యిలో వేస్తా, తర్వాత పెద్దమ్మకు మర్యాద తెలీదని మహేంద్రమంగళం పోయి మీ అమ్మ దగ్గర ఏడవద్దు.

కూర్చో. కాఫీ తాగు. నా చెల్లెలి కొడుకువి, ఆ మర్యాద నీకు ఎప్పుడూ ఉండాది. కంపెనీ మనిషిగా వచ్చినావు చూడు, దానికే ఈ ఇంట్లో మర్యాద లేదు. మీ కంపెనీ ముదలాళి చంద్రు తెలివైనోడు. ఇంకొకర్ని పంపితే గడప దాటనీయనని తెలిసే నిన్ను పంపినాడు.

ఏమి, ఇంగ్లీషులో ఉంటే నాకు తెలీదనుకున్నావా? చదవలేను, సరి. తెలుగూ చదవలేను, ఇంట్లో మాట్లాడేదే గాని రాసింది మనం ఎప్పుడు చూసినాము? అరవం అయితే కూడబలుక్కొని చదువుతాను. అయినా ఆ పేపర్లో ఏముండాదో నేను చెప్తా విను. ఈ సంవత్సరం కూడా డివిడెండు జాస్తిగా పంచాల, నేను మీటింగుకు రాకపోయినా నా ఓటు చంద్రుకే. అంతేనా కాదా?

తల ఊపుతా ఉండావు కదా. సరి.

నాకు ఉండేది పిడికెడు షేర్లు, మీ పెదనాయన పోతా పోతా వదిలిపెట్టినవి. వాటికోసం ధర్మపురి నుంచి పిక్కిలి దాకా కారేసుకొని వస్తారా ఎవరైనా? మీకు కావాల్సింది షేర్లు కాదు, నా చెయ్యి. మండపంలో మీటింగు పెడితే మన పద్దెనిమిది ఇండ్లోళ్లు వరసగా కూర్చుంటారు. పెద్దింటి ఆడది చెయ్యెత్తేదాకా ఒక్కరూ ఎత్తరు. కులం కూటంలో ఎట్లనో కంపెనీలోనూ అట్లనే. మీ మద్రాసు ఆడిటరు దీనికి నవ్వినాడంట. నవ్వనీ. ఆ నవ్వినోడే ఇప్పుడు పేపరు రాసి పంపినాడు.

జయరామన్న ఉన్నప్పుడు ఇట్లా ఉన్నిందా చెప్పు. చంద్రు వాళ్ల నాయన. కిరోసిన్ డిపోతో మొదలుపెట్టి, మన ఇండ్లలో తలా కొంచెం అడిగి తీసుకొని, డెల్టా పక్క రెండు గ్యాస్ బావులు పట్టినాడు మహానుభావుడు. ప్రతి ఆడి నెలా మీటింగులో లేచి నిలబడి ఒకే మాట చెప్తా ఉండినాడు. ముందు బావికి, తర్వాత మనకు. పైపులు, వాల్వులు, పనోళ్ల సంబళం, అన్నీ పోయినాక మిగిలిందే డివిడెండు. ఒక సంవత్సరం ఏమీ మిగల్లేదు, ఆకు వక్క చేతిలో పెట్టి పంపించినాడు. ఎవరైనా నోరెత్తినారా?

కొడుకు వచ్చినాడు, మాటను తలకిందులు చేసినాడు. ముందు మనకు, మిగిలితే బావికి. ఎందుకు చేయడు? షేర్లలో సగానికి కొంచెం తక్కువ వాడివే. ఎంత పంచినా అందులో సగం దాకా వాడి ఇంటికే కదా పోయేది. మన ఇండ్లు కలిస్తే అడ్డం పడొచ్చు, అందుకే నీకు ఇంత చెమట.

నాకు డబ్బు అక్కరలేదనుకుంటా ఉండావా? టమాటాకు ధర లేక చేన్లోనే కుళ్లనిచ్చినాను. బ్యాంకోడు వారానికొకసారి ఫోన్ చేస్తాడు. అన్నీ తెలిసే చంద్రు ఇప్పుడు ఆశ చూపినాడు. ఆశ లేదని నేను చెప్పలేదు. ఉండాది. అయినా నీ పేపరు కింద కైయెళుత్తు పెట్టను.

విత్తనాలకు దాచిన రాగులు విసిరి సంగటి చేసుకునేవాళ్లు మన కులంలో ఉండారా? అప్పు అయినా అడుగుతారు గాని ఆ కుండ ముట్టరు. మీరు మూడేండ్లుగా ఆ కుండే తింటా ఉండారు.

నాకేమి తెలుసునంటావా? మీ మామ ఎల్లప్పన్ నాకు తోడబుట్టినోడు కాదా? పదకొండేండ్లు రెండో బావి దగ్గర వాల్వు తిప్పినోడు. నాలుగు నెలల ముందు ఆ వాల్వు పగిలి మంట లేస్తే వాడి ముఖం ఒక పక్కంతా కాలిపోయింది. ఆస్పత్రికి నువ్వూ వచ్చినావు, దానిమ్మ పండ్లు తెచ్చినావు. కంపెనీ ఏమి రాసింది? పనోడి అజాగ్రత్త. ఆ కాగితం టైపు చేసింది ఎవరని నేను అడగను, నువ్వూ చెప్పొద్దు.

పోయి చంద్రుతో చెప్పు. నంజమ్మ మండపానికి వస్తుంది. ముందు వరసలోనే కూర్చుంటుంది, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకొని. వెనక ఎవరు ఎత్తుతారో చూస్తాను. వాల్వులన్నీ మార్చినాక, మీ మామ వైద్యం అయినాక, మిగిలితే పంచండి. మిగల్లేదా, ఆకు వక్క ఇయ్యండి.

లేచినావా? ఉండు. ఒక్క మాట వినిపో. మీ అమ్మకు కూడా చెప్పలేదు ఇది.

పోయిన సంవత్సరం మీటింగుకు ముందు రోజు ఎల్లప్పన్ ఫోన్ చేసినాడు. అక్కా, వాల్వు అరిగిపోయింది, రెండు తూర్లు రాసిచ్చినాము, డివిడెండు పంచినాక చూస్తామంటారు, నీ మాటైతే వింటారు, నువ్వు చెప్పక్కా అన్నాడు. సరేరా అన్నాను. మరుసటి రోజు చంద్రు ఎంత పంచుతాడో చెప్పినాడు. నేను నోరు తెరవలేదు. అందరికన్నా ముందు చెయ్యెత్తినాను.

ఆస్పత్రిలో కట్లు కట్టుకొని పండుకొని అడిగినాడు, చెప్పినావా అక్కా అని. చెప్పినాను నాయనా, ఎవరూ వినలేదు అన్నాను.

వాడు నమ్మినాడురా.