వంతెన రాయి మీద రాత

చైనాలోని షావోషింగ్‌లో కాలువ మీది కొత్త వంతెనకి పేరు రాసే పోటీ పెట్టి, ఎవరి రాతో తెలియకుండా ఒకదాన్ని ఎంచారు. దాన్ని చెక్కిన రాయిని ఆ ఉదయమే నిలబెట్టారు. తాతా మనవరాలూ దాని ముందు ఆగారు.

“తాతయ్యా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి.”

“ఇది నువ్వు రాసిందేగా?”

“ఎలా తెలిసింది?”

“నీ చేత కుంచె పట్టించిందెవరే? అడ్డగీత చివర తోక అలా ఎగరేసేది నువ్వొక్కదానివే.”

“మీరూ పంపారని తెలిస్తే నేను పంపేదాన్నే కాదు.”

“పంపాను, ఓడాను. అయితే ఏంటట?”

“ఈ రకం రాతని గుమాస్తాల రాత అని వెక్కిరించేవారు కదా?”

“వెక్కిరించాను. మన అక్షరాల్ని మొదట్లో ఎముకల మీద గీశారు, కంచు పాత్రల మీద పోతపోశారు. తర్వాత రాజముద్రల కోసం వంపులు తిప్పారు. పని తెమలక గుమాస్తాలు ఆ వంపులన్నీ సాపు చేసి చకచకా రాసేశారు. అప్పటి ముసలాళ్లూ నాలాగే మూతి విరిచుంటారు.”

“మరి ఇప్పుడో?”

“జీవితమంతా రాశాను. నా గీతకి ఇంత జీవం ఎప్పుడూ రాలేదే, పిల్లా.”

ఆయన రాతిలోని ఆ తోక మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా జరిపాడు.

“నేర్పింది మీరే కదా. కింద నా పేరు చెక్కేటప్పుడు మీది కూడా చెక్కమందాం.”

“వద్దు. నీ పేరొక్కటే ఉండనీ.”

“అలా ఎలా తాతయ్యా?”

“నువ్వాగు. ఏమండోయ్, సైకిలాయనా! ఒక్క నిమిషం ఇటు రండి. ఈ అక్షరాలు ఎవరు రాశారో తెలుసా మీకు?”