పులికి ఏ చెయ్యి గుంజింది?

సదానందం చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని వేములవాడలో అందరికీ తెలుసు. ఏ సగం తీసెయ్యాలన్నదే ఎవరికీ తెలియదు.

ఆయన ముప్పై ఏళ్లు కరీంనగర్‌లో ఒక పెద్ద దవాఖానలో పనిచేసి రిటైరయ్యాడు. అడిగితే "హార్ట్ డిపార్ట్‌మెంట్" అంటాడు. అక్కడ చేసిన పని స్ట్రెచర్ నూకడం, అంటే నెట్టడం. ఆ "నూకుడు" అన్న మాట ఆయన నోట ఇంతవరకు ఎవరూ వినలేదు. కొడుకు పెండ్లి మాటలప్పుడు "గుండె జబ్బులోళ్లు నేను లేంది లోపలికి పోయేటోళ్లు కాదు" అన్నాడట. వియ్యంకుడు పెండ్లయ్యేదాకా ఆయనను డాక్టరనుకున్నాడు. పెండ్లయ్యాక ఏమనుకున్నాడో మర్యాద కొద్దీ ఎవరూ అడగలేదు.

ఆ సోమవారం పొద్దున పది గంటలకు సాంబయ్య కిష్టవ్వ చాయ్ హోటల్‌కు వచ్చేసరికి సదానందం బల్ల మీద కాళ్లు మడుచుకుని కూర్చుని ఉన్నాడు. సాంబయ్య వెనుక వీధి షెడ్డులో ఎనిమిది సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అనే అంటారు. అది ఆగితే బట్ట ఆగుతుంది కాబట్టి సాంబయ్య ఎప్పుడూ ఆగడు. ఇవాళ మాత్రం పది నిమిషాలు చూడమని సాంచాలను పక్కవాడికి అప్పజెప్పి వచ్చాడు. తెల్లవారినప్పటి నుంచి రొమ్ము మీద ఎవరో రుబ్బురోలు పెట్టినట్టుంది. రాత్రి తిన్న మిర్చి బజ్జీల మీద ఆయనకు అనుమానం.

అప్పుడే ఆటో బెంజమిన్ పేపరు విప్పాడు. "కాకా, మా ప్రిస్కిల్లమ్మ ఫోటో వడ్డది చూడు. మా చర్చిల పాటలు పాడే దేవసహాయం సారు పెద్దబిడ్డ. కొత్త గుండె డాక్టర్లకు పాఠాలు చెప్తది గదా, ఇరవై ఏండ్ల సంది చేసిన పరిశోధనకు ఏదో పెద్ద పేరే వచ్చిందట."

"ఏదో అంటవేందిరా?" సదానందం గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెడితే ఇంకో చాయ్ ఎవరూ అడగరు కాబట్టి కిష్టవ్వ స్టవ్వు మంట తగ్గించింది. "గా పరిశోధన ఎవలి నోట్లకెల్లి పుట్టింది, ఎర్కేనా? గీ నోట్లకెల్లి. గామె గప్పుడు కొత్తగ వచ్చింది, ఢిల్లీల చదివి, అందరు హైదరాబాద్‌ల ఉంటమంటే గామె కరీంనగర్‌కే పోతనని మొండికేసి వచ్చింది. వచ్చి ఏం లాభం, రోజు వార్డుల తల వట్టుకోని కూసునేది. పొద్దుగాల నొప్పి లేస్తే మాపటికి వస్తుండ్రు, గప్పటికే గుండె సగం సచ్చిపోయి ఉంటున్నది, ఎందుకు గిట్ల అని పెద్ద డాక్టర్లను అడిగింది. రోడ్లు మంచిగ లేవన్నడు ఒకడు. చదువు లేదన్నడు ఇంకొకడు. నేను తలుపు కాడ నిలవడ్డ. 'అమ్మా, గీళ్లకు గుండెనొప్పి రాదమ్మా, గ్యాస్ వస్తది' అన్న. గంతే. ఒక్కటే మాట."

"గ్యాసా?" అంది కిష్టవ్వ.

"గ్యాసే. గుండె నొస్తున్నదని మన దిక్కు ఎవలన్న అనంగ విన్నవా? గ్యాస్ వట్టిందంటరు. సోడా తాగుతరు, వాము నములుతరు, పెండ్లాంతోని వీపు మీద గుద్దిచ్చుకుంటరు. మాపటికి స్ట్రెచర్ ఎక్కుతరు. నా మాట వినంగనే డాక్టరమ్మ కోటు జేబులకెల్లి గింత బుక్కు తీసి రాసుకున్నది. 'సదానందం, ఇన్ని పుస్తకాలు చదివిన గని గిది ఎక్కడ లేదు' అన్నది."

బెంజమిన్ కిష్టవ్వకు కన్ను కొట్టాడు. కిష్టవ్వ పైకప్పు వైపు చూసింది.

"కిష్టవ్వా, ఒక సోడా కొట్టు," అన్నాడు సాంబయ్య.

"ఏమైంది?"

"ఏం లేదు. జర గ్యాస్ వట్టినట్టున్నది."

కిష్టవ్వ సోడా కొట్టి ఇచ్చింది. అందరూ కథ వింటున్నారు కాబట్టి ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? గామె బుక్కుల రెండు గీతలు కొట్టింది. ఒక దిక్కు నొప్పి ఎన్ని గంటలకు లేచింది, ఇంకో దిక్కు దవాఖానకు ఎన్ని గంటలకు వచ్చిండు. నడుమల ఏం చేసిండు? నాలుగువందల మందిని అడిగింది. నడుమల తొమ్మిది గంటలు, నడుమల గ్యాస్! గది రాసి విదేశాలకు పంపింది. గాడ గా పెద్ద పెద్ద ప్రొఫెసర్లు చదివిండ్రు, పరేషాన్ అయిండ్రు. కరీంనగర్ జిల్లాల గ్యాస్‌తోని గింతమంది సస్తుండ్రా అని నలుగురు విమానమెక్కి వచ్చిండ్రు. వచ్చి ఇంటింటికి తిరిగి, వంటింట్లకు వొయ్యి, సిలిండర్లు ముక్కుతోని వాసన చూసిండ్రు, ఎక్కడ లీకైతున్నదని."

"గ్యాస్ బండలు చూసిండ్రా?" బెంజమిన్ పేపరు మడిచేశాడు.

"మూడు రోజులు చూసిండ్రు. నేనే పొయ్యి చెప్పిన, సారూ, గ్యాస్ బండల లేదు, మా మాటల ఉన్నదని. వాళ్లల్ల ముసలాయన నా కాళ్లు మొక్కబోయిండు. మొక్కబోయి వంగిండు గదా, వంగినప్పుడు గాయిన గుండె చప్పుడు నాకు వినవడ్డది. మనం సాంచాల నడుమ పుట్టినోళ్లం. పోగు తెగితే సాంచా చప్పుడు ఎట్ల మారుతదో మనకు ఎర్కే గదా సాంబయ్యా?"

"ఎర్కే అన్నా," అన్నాడు సాంబయ్య. నిజంగానే ఎరుకే. ఇరవై రెండేళ్లుగా వింటున్నాడు. షెడ్డుకు అవతలి వీధిలో ఉన్నా ఎనిమిదిట్లో ఏది తప్పుతుందో చెప్పగలడు. ఇప్పుడు ఆయన లోపల ఒకటేదో తప్పుతోంది. అది సాంచాది కాదనిపించి, రెండో సోడా అడిగాడు.

"గా ముసలాయన గుండెల పోగు తెగింది. చెవుల గొట్టం వెట్టుకోకుంటనే చెప్పిన. గాయిన నవ్విండు. నవ్వుకుంట నవ్వుకుంట కింద వడ్డడు. డాక్టరమ్మ చూసి, సదానందం చెప్పిన తానమే మూసుకపోయింది అన్నది. గప్పటి సంది గామె క్లాసు చెప్పేటప్పుడు నన్ను ముందు వరుసల కూసోవెట్టేది. పిల్లలు ఆమెను అడిగితే ఆమె నన్ను అడిగేది."

"గన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంట నీ పని ఎప్పుడు చేసినవు?" అంది కిష్టవ్వ.

"గదే నా పని!" సదానందం గొంతు పెంచాడు. "ఇగ అసలుది వినుండ్రి. గామె ఏమన్నదంటే, నొప్పి వచ్చినోడు కరీంనగర్‌కు వచ్చేదాక ఆగొద్దు, మనమే ముందుగాల చిన్న దవాఖానలకు ఈసీజీ మిషన్లు వంపుదాం, గాడ తీసి ఫోన్ల ఫోటో కొడితే నేను ఈడకెల్లి చూసి చెప్త, గడ్డ కరిగే సూది గాడనే వేస్తరు అన్నది. గా మిషన్లు ఆదిలాబాద్ దాక ఎవలు కొంటవోవాలె? సదానందమే కొంటవోవాలె. ఒక మిషన్ వీపుకు కట్టుకోని మోటర్ సైకిల్ మీద వోతున్న. గుట్టలు దిగంగనే నడి రోడ్డు మీద పులి."

"ఆ," అన్నాడు బెంజమిన్.

"పండుకున్నది. లేస్తలేదు. హారన్ కొట్టిన, లేస్తలేదు. దగ్గరికి వొయ్యి చూస్తే రొమ్ము మీద పంజా వెట్టుకోని మూలుగుతున్నది. ఇంకెవడన్న అయితే ఉరికేటోడు. నాకు పాపమనిపిచ్చింది. మిషన్ దింపిన, నాలుగు కాళ్లకు నాలుగు క్లిప్పులు వెట్టిన, రొమ్ము మీద బొచ్చు పక్కకు జరిపి ఆరు బిళ్లలు అంటిచ్చిన, కాయితం రాంగనే ఫోటో కొట్టి డాక్టరమ్మకు వంపిన. ఒక్క నిమిషంల జవాబు. 'సదానందం, ఇది గ్యాస్ కాదు.' నాకు ముందే ఎర్కే. ఎందుకంటే గ్యాస్ అయితే ఎడమ చెయ్యి గుంజదు, ఒంటికి చెమట పట్టదు. గా పులికి సల్లటి చెమట! తడిసి ముద్దయింది."

"పులికి చెమట వడ్తదా కాకా?"

"పట్టదు! పట్టనిదానికి పట్టింది గనుకనే నాకు అనుమానమొచ్చింది! వెనుక సీటు మీద కూసోవెట్టుకున్న, ముందటి కాళ్లు నా భుజాల మీద వేసింది, కట్టేసుకోని ఆదిలాబాద్‌కు తోలిన. జిన్నింగు మిల్లు కాడ పత్తి దింపేటోళ్లు 'వాఘ్ ఆలా, వాఘ్ ఆలా' అని, పులొచ్చిందని మరాఠీల ఒర్రుకుంట ఉరుకుతుండ్రు. దవాఖాన కిటికీ కాడ కూసున్న పిల్ల మాత్రం తల గూడ ఎత్తలే. 'పేషెంటు ఆధార్ కార్డు తెచ్చిండ్రా' అన్నది."

బెంజమిన్ నవ్వలేక బల్ల మీద పడ్డాడు. కిష్టవ్వ కూడా నవ్వు దాచుకోవడానికి పాలగిన్నెలో లేని మీగడ తీయబోయింది. పులికి ఆధార్ కార్డు ఎక్కడిదని ఎవరైనా అడుగుతారని సదానందం ఎదురుచూస్తున్నాడు. దానికి ఆయన దగ్గర జవాబు తయారుగా ఉంది.

"సదన్నా," అన్నాడు సాంబయ్య. గొంతు చిన్నగా ఉంది.

"అడుగు తమ్మీ."

"పులికి ఏ చెయ్యి గుంజింది?"

"చెప్పిన గదా. ఎడమది."

"దవడ సుత గుంజిందా?"

సదానందం నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి ఏమీ రాలేదు. వేములవాడలో అలా జరగడం అదే మొదలు. ఆయన సాంబయ్య ముఖం చూశాడు, అంగీ చూశాడు. నవంబరు పొద్దున అంగీ తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. తర్వాత బల్ల మీది రెండు ఖాళీ సోడా సీసాలు చూశాడు.

"ఎన్ని గంటల సంది?"

"తెల్లారినప్పటి సంది. గ్యాసే కావచ్చు అన్నా. సాంచాలు విడిచిపెట్టి వచ్చిన, జర పోయి..."

"కూసో. లేవకు. అడుగు తీసి అడుగు వెయ్యకు." ఆ గొంతు ఎవరూ వినని గొంతు. "బెంజమినూ, ఆటో తియ్యి. సాంచాల సంగతి నువ్వు చూడు కిష్టవ్వా, బాలలక్ష్మికి సుత కబురు చెయ్యి. ఆమెను నేరుగ దవాఖానకు రమ్మను."

బాలలక్ష్మి సాంబయ్య భార్య. సదానందం, బెంజమిన్ ఇద్దరూ సాంబయ్యను కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎత్తి ఆటోలో పెట్టారు. పులి ఆదిలాబాద్ దవాఖాన కిటికీ దగ్గరే ఉండిపోయింది.

*

మూడు వారాల తర్వాత సాంబయ్య మళ్లీ అదే బల్ల మీద కూర్చుని చక్కెర లేని చాయ్ తాగుతున్నాడు. ముఖం చూస్తే చాయ్ మీద కోపం తెలుస్తుంది. ఆ రోజు ఊళ్లోని దవాఖానలో ఈసీజీ తీశారు, ఫోటో కరీంనగర్ పోయింది, అరగంటలో సూది పడింది. సాయంత్రానికి అంబులెన్స్‌లో కరీంనగర్ తీసుకుపోయి నరంలో స్టెంటు వేశారు. సాంచాలు ఇంకో నెల ముట్టొద్దన్నారు. ఆయన ఇక్కడ కూర్చుని వాటి చప్పుడు వింటున్నాడు.

సదానందం గ్లాసు కింద పెట్టి ఉన్నాడు.

"సోమవారం గదా, రాజన్న గుడి కాడ జనం, కోడె మొక్కులోళ్లు కోడెలను వట్టుకోని రోడ్డు నిండ నిలవడ్డరు. ఆటో కదులుతలేదు. ఏం చేసిన, ఎర్కేనా? దిగి ఒక్క కేక వేసిన. నలభై కోడెలు రెండు వరుసలైనయి. నడుమలకెల్లి ఆటో తోలుకపొమ్మన్న. ఆటో గాల్లనే వోయింది, చక్రాలు నేలకు తాకలే. అవునా కాదా బెంజమినూ?"

బెంజమిన్ పేపరు చదువుతున్నాడు. ఆ రోజు సంగతి ఆయన ఎక్కడా ఎత్తడు. ఆయన కారణం ఆయనకుంది.

"అన్నా," అన్నాడు సాంబయ్య, "నేను ఆటోలనే ఉన్న గదా."

"నీకు సోయి లేదు తమ్మీ."

"ఉన్నది. కరీంనగర్‌ల డాక్టరమ్మ సుత ఆ రోజు సంగతే అడిగింది. చిన్న బుక్కు తీసి, నొప్పి ఎప్పుడు లేచిందన్నది. చెప్పిన. నడుమల ఏం చేసినవన్నది. రెండు సోడాలు తాగిన అన్న. మరి గ్యాస్ కాదని నీకెవలు చెప్పిండ్రన్నది. పులి కథ విన్న, మా సదన్న చెప్పిండు అన్న. గామె రాసుడు ఆపింది. 'స్ట్రెచర్ సదానందమా? గ్యాస్ అన్న మాట మొదలు నాకు చెప్పిందే ఆయన. నా బుక్కుల మొదటి పేజీ గాయినదే' అన్నది."

కిష్టవ్వ చేతిలో జల్లెడ ఆగిపోయింది. బెంజమిన్ పేపరు దించాడు. ఇన్నేళ్లుగా తాము తీసేస్తూ వచ్చింది ఏ సగమో ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది.

"ఏమో అనుకున్న," అంది కిష్టవ్వ చివరికి. "అయితే పులి సుత నిజమేనా?"

"పులి గురించి గామె అడుగలే. గని కోడెల సంగతి పురాగ అబద్ధం. కోడెలు జరగలే, ఆటో గాల్ల లేవలే. ఆటో ఆగిపోయింది. గ్యాస్ ఆటో, గ్యాస్ అయిపోయింది."

బెంజమిన్ మళ్లీ పేపరు ఎత్తాడు, ఈసారి ముఖం పూర్తిగా కనపడకుండా.

"'మల్ల గ్యాసేనారా!' అని ఒర్రిండు సదన్న. గదొక్కటే మాట్లాడింది. దిగిండు. ఎనుకకెల్లి నూకవట్టిండు. గుడి కాడికెల్లి దవాఖాన మెట్ల దాక ఒక్కడే నూకిండు, బెంజమిన్ హాండిల్ వట్టుకున్నడు. చెప్పు తెగింది, ఇడిచిపెట్టిండు. జనం తిడుతుండ్రు, కోడె ఒకటి కొమ్ముతోని అంగీ చింపింది, ఆగలే. నేను ఎనుక అద్దంలకెల్లి చూసిన. ఏడ్సుకుంట నూకుతుండు."

వెనుక వీధిలో సాంచాలు ఆడుతున్నాయి.

"ఏడ్సుడు ఏంది?" సదానందం భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు. "గది చెమట."

"పులి చెమటనా కాకా?" అంది పేపరు వెనుక నుంచి బెంజమిన్ గొంతు.

సదానందం బల్ల మీద సాంబయ్య వైపు జరిగి, కిష్టవ్వకు వినపడొద్దన్నట్టు గొంతు తగ్గించాడు. కిష్టవ్వకు వినపడింది.

"నీకు పుణ్యముంటది తమ్మీ, నూకిన ముచ్చట మాత్రం ఎవలికి చెప్పకు. గింతదాక వచ్చినంక, గది ఎవలు నమ్ముతరు?"